మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు లాగ్ చదవండి

లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న మొదటి రోజే వై-ఫై కనిపించకపోతే చాలామంది పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. రెండోసారీ రాకపోతే డిస్ట్రో, అంటే ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకం, మారుస్తారు. మూడోసారికి ఓపిక అయిపోయి పాత సిస్టమ్‌కే వెళ్లిపోతారు. ఇలా వెనక్కి వెళ్లిన మిత్రులు నాకు చాలామందే ఉన్నారు, ప్రతిసారీ బాధగానే ఉంటుంది. వాళ్లలో చాలామంది సమస్య పది నిమిషాల్లో తేలిపోయేది. అదే పెన్‌డ్రైవ్, అదే కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం), అదే లోపించిన ఫైలు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మారేదేముంది? పైగా అసలు తప్పేమిటో చెప్పే లాగ్, అంటే సిస్టమ్ తనకు తానే రాసుకునే రికార్డు, కూడా దాంతోపాటే చెరిగిపోతుంది.

నేనూ ఆ దారిలో రెండు రోజులు పోగొట్టుకున్నాను. వై-ఫై ఐకానే లేదు, ఒకటే టెన్షన్. చివరికి టెర్మినల్ తెరిచి, లోపలున్న కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే వై-ఫై కార్డు పేరు కనిపించింది. అంటే సిస్టమ్‌కు కార్డు తెలుసు. తర్వాత కెర్నల్ లాగ్ చూపే డీమెసెజ్‌లో ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) అనే మాట కోసం వెతికితే ఒక లైను దొరికింది. ఫలానా పేరున్న ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2. ఆ 2 అంకెకు కెర్నల్ భాషలో ‘అలాంటి ఫైలు లేదు’ అని అర్థం. కార్డు పాడవలేదు, డ్రైవర్ ఉంది, డిస్కులో ఒక్క ఫైలు లేదు, అంతే. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ దించుకుని రీస్టార్ట్ చేస్తే వై-ఫై వచ్చేసింది.

ఆ ఫైలు ఎందుకు లేదన్నది ఆలోచించాల్సిన విషయం. ఇప్పటి వై-ఫై చిప్‌లు చాలావరకు తయారీదారు రాసిన ఫర్మ్‌వేర్ లోడ్ అయితే తప్ప పని మొదలుపెట్టవు. దాని సోర్స్ కోడ్‌ను కంపెనీలు ఎక్కువగా బయట పెట్టవు. అందుకే డెబియన్ ఎన్నో ఏళ్లపాటు అలాంటి ఫైళ్లను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో డెవలపర్లు ఓటు వేసి ఆ విధానం మార్చారు, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి ఇన్‌స్టాలర్‌తోపాటే వస్తున్నాయి. సోర్స్ కోడ్ అందరికీ అందాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఆ మార్పు సరైనదే అంటాను. నెట్ రావడానికి కావాల్సిన ఫైలును నెట్‌లోంచి దించుకోమంటే కొత్తగా వచ్చినవాడు ఏం చేస్తాడు?

కొత్త మోడల్ లాప్‌టాప్‌ది ఇంకో చిక్కు. మెషీన్ మార్కెట్‌లోకి వచ్చే నాటికి మనం వేసిన డిస్ట్రో కెర్నల్ పాతదై ఉంటే, కార్డు పేరు ఉంటుంది గానీ దాన్ని నడిపే డ్రైవరే ఉండదు. అక్కడ ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు, కొత్త కెర్నల్ వేసుకోవాల్సిందే.

కొన్ని సమస్యలు లినక్స్‌లో లేనే లేవు, బయాస్ (మెషీన్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) సెట్టింగ్‌లోనో, పక్కనున్న విండోస్‌లోనో ఉంటాయి. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించలేదంటే బయాస్‌లో డిస్కు ఇంటెల్ రెయిడ్ మోడ్‌లో ఉందేమో చూడాలి. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చమని చాలామంది సలహా ఇస్తారు. పక్కన విండోస్ ఉన్నవాళ్లు విండోస్‌ను ముందుగా సిద్ధం చేయకుండా మోడ్ మారిస్తే మొదటికే మోసం, విండోస్ బూట్ కాకుండా ఆగిపోవచ్చు. విండోస్ పార్టిషన్‌లో ఫైళ్లు చదవడానికి వస్తున్నాయి గానీ రాయడానికి రావడం లేదంటే విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్ ఆపాలి. రెండు సిస్టమ్‌ల మధ్య గడియారం తేడా వస్తోందంటే ఒకటి స్థానిక సమయాన్ని, ఇంకోటి యూటీసీని (ప్రపంచ ప్రామాణిక సమయాన్ని) లెక్కలోకి తీసుకుంటున్నాయని అర్థం.

నమ్మకమైన సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ దగ్గర మాత్రం చాలామంది తెలియకుండానే తప్పటడుగు వేస్తారు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ వేసేటప్పుడు ఉబుంటు లాంటివి ఒక పాస్‌వర్డ్ పెట్టమంటాయి. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు తెర వచ్చి, ఏదైనా కీ నొక్కమని పది నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. అదేదో ఎర్రర్ అనుకుని వదిలేస్తే తెర వెళ్లిపోతుంది. ఆ డ్రైవర్ మీద మీ మెషీన్‌లోనే వేసిన డిజిటల్ సంతకాన్ని నమ్మడానికి అనుమతి అడిగే తెర అది. అనుమతి దొరకని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేశాను కదా, ఎందుకు పనిచేయదని తల పట్టుకునేది అక్కడే.

నిద్ర సమస్య వేరు. మూత వేసి బ్యాగులో పెట్టిన లాప్‌టాప్ తీసి చూస్తే వేడిగా ఉంటుంది, బ్యాటరీ సగానికి పడి ఉంటుంది. సిస్ ఫోల్డర్ కింద పవర్‌లో మెమ్ స్లీప్ అనే చిన్న ఫైలు తెరిస్తే ఎస్2ఐడిల్ (తేలిక నిద్ర), డీప్ (గాఢనిద్ర) అనే మాటలు కనిపిస్తాయి, ప్రస్తుతం వాడుతున్నదాని చుట్టూ చదరపు బ్రాకెట్ ఉంటుంది. డీప్ అనే మాటే లేకపోతే ఆ పాత తరహా గాఢనిద్రను ఆ మెషీన్ బయాస్ ఇవ్వడం లేదని అర్థం. ఇలాంటి చోట తప్పు డిస్ట్రో మీద వేయడం అన్యాయం. బయాస్ అప్‌డేట్ ఉందేమో చూసుకోవాలి, చాలా మోడళ్లకు ఇప్పుడు ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే అప్‌డేట్ టూల్ ద్వారా లినక్స్‌లోంచే వేసుకోవచ్చు.

సాయం చేసేవాళ్లతోనూ నాకు ఒక పేచీ ఉంది. లక్షణం వినగానే కమాండ్ చేతిలో పెట్టేస్తారు. తెర నల్లగా ఉందంటే బూట్ లైనులో (కెర్నల్‌కు మొదట్లో ఇచ్చే ఆదేశాల్లో) నోమోడ్‌సెట్ అనే మాట పెట్టమంటారు. దాంతో తెర వస్తుంది, నిజమే. కానీ గ్రాఫిక్స్ డ్రైవర్ తన పని తాను చేయలేదు, వీడియోలు నత్తనడక నడుస్తాయి, బ్రైట్‌నెస్ కూడా మారకపోవచ్చు. అది లోపలికి వెళ్లి అసలు డ్రైవర్ వేసుకునేదాకా వాడాల్సిన తాత్కాలిక మార్గం. ఆ మాట ఎవరూ చెప్పకపోవడంతో నెలల తరబడి దాన్నే బూట్ లైనులో ఉంచుకుని, లినక్స్ అంటేనే స్లో అని నమ్మేవాళ్లున్నారు.

కమాండ్ ఇచ్చే ముందు లాగ్ అడగండి. అడిగేవాళ్లు కూడా ‘పనిచేయడం లేదు’ అని ఊరుకోకుండా మోడల్ పేరు, కెర్నల్ వెర్షన్, సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో ఎర్రర్లుగా వచ్చిన లైన్లు పంపండి. సిస్టమ్ బిగుసుకుపోయి ఆఫ్ చేయాల్సి వచ్చిందా? చాలా డిస్ట్రోల్లో అంతకుముందు బూట్ లాగ్ డిస్కులోనే ఉంటుంది, దాని చివరి ఇరవై లైన్లు చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి. మూడు మార్పులు ఒకేసారి చేసి వై-ఫై వస్తే, రేపు కెర్నల్ అప్‌డేట్ తర్వాత అది మళ్లీ పోయినప్పుడు ఆ మూడింట్లో ఏది పనిచేసిందో మీకే గుర్తుండదు.