తెగిన చోటే కాదు, ఎదురు అంచు కూడా చూడండి

వ్యాసకర్త గారూ, అంచు తెగిన నాణెం దొరికితే దాచుకోండి, టంకశాల తప్పు కావచ్చని రాశారు. తెగిన చోటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడమని కూడా చెప్పాల్సింది. రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు రేకు చాలినంత జరగకపోతే పంచ్ పాత కన్నం మీద పడి, బిళ్ళ నెలవంకలా తెగుతుంది. ముద్రకి ముందు బిళ్ళ అంచుని చుట్టూ నొక్కి గట్టు లేపేటప్పుడు తెగిన చోట లోహం లేక ఒత్తిడి అందదు కాబట్టి ఎదురు గట్టు కూడా చాలాసార్లు పలచబడుతుంది. ఆకురాయితో అరగదీసిన నాణేనికి ఆ గట్టు నిండుగానే ఉంటుంది.

మా పర్లాకిమిడి సంతలో మావయ్య మూడొందలు పోసి 'బ్రాకేజ్' రూపాయి, అంటే ఒకవైపు బొమ్మే రెండోవైపు గుంటగా పడిన టంకశాల తప్పు నాణెం అని చెప్పి అమ్మినది, కొన్నాడు. ఒకవైపు సింహాలు, రెండోవైపు అవే సింహాలు అద్దంలో బొమ్మలా తిరగబడి గుంటగా ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే ఆ గుంటలో 1 అంకె గీత ఇంకా మిగిలే ఉంది! ఇటు సింహాల మొహాలు చదునైపోయాయి. అంటే రెండు నాణేలు కలిపి వైస్‌లో (కమ్మరి బిగింపు పరికరంలో) బిగించారు. అసలు బ్రాకేజ్‌లో ముందు నాణెం అచ్చుకి అతుక్కుని అడ్డంగా ఉంటుంది, ఆ వైపు అంకె పడే దారే లేదు. మావయ్య రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇక్కడ బడిపిల్లలు కూడా దాచుకున్న డబ్బుతో ఇవి కొంటున్నారండీ. తర్వాతి భాగంలో అసలుదీ నకిలీదీ పక్కపక్కన ఫొటోలు వేయండి, దయచేసి.