వచ్చే జన్మకు పర్మిషన్ తీసుకున్నారా?

ఏ ప్రభుత్వమైనా జనాభా లెక్కల్లో పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, వలసపోయినవాళ్లు అని మూడు గడులతో సరిపెట్టుకుంటుంది. టిబెటన్ల కోసం చైనా నాలుగో గడి తెరిచింది: మళ్లీ పుట్టబోయేవాళ్లు.

2007లో అక్కడి మతవ్యవహారాల శాఖ అయిదో నంబరు ఉత్తర్వు ఇచ్చింది. లామాలు, అంటే చనిపోయాక మళ్లీ పిల్లాడిగా పుడతారని టిబెటన్లు నమ్మే బౌద్ధ గురువులు, పునర్జన్మ ఎత్తాలంటే సర్కారు అనుమతి తప్పనిసరి. మామూలు లామా అయితే ప్రావిన్సు స్థాయిలో పనైపోతుంది. మరీ పేరున్నవారైతే ఫైలు బీజింగ్ దాకా కదలాలి. సంతకం పెట్టే కమ్యూనిస్టు పార్టీ సభ్యుడికి మాత్రం ఏ మతమూ ఉండకూడదు. నమ్మకం లేనివాడికి పక్షపాతమూ ఉండదు గదా, నాకైతే ఇందులో తప్పేం కనపడలేదు.

వెనకటికి టిబెటన్లు ఈ జనాభా సంగతి తమంతట తామే చూసుకునేవారు. చాలా ఊళ్లలో అన్నదమ్ములంతా కలిసి ఒకే అమ్మాయిని పెళ్లాడేవారు. మనకు వెంటనే ద్రౌపది గుర్తొస్తుంది. కానీ అక్కడ ఏ కుంతీ నోరు జారలేదు. వేరుపడితే బార్లీ చేను ముక్కలవుతుందని లెక్క. ఇంకో కొడుకుంటే మఠానికి. ఆ పెళ్లిళ్లు చట్టానికి నచ్చలేదు. 2006లో టిబెట్ రాజధాని ల్హాసాకు రైలు కూడా వచ్చింది. 2010లో టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతంలో 8 శాతమున్న హాన్ చైనీయులు (చైనాలో మెజారిటీ జాతి) 2020కి 12 శాతమయ్యారు. పశువుల కాపర్లు సర్కారు కాలనీల్లో, పిల్లలు చైనీస్‌లో పాఠాలు చెప్పే హాస్టళ్లలో సర్దుకున్నారు. ఆ పిల్లలు సుమారు 10 లక్షలని ఐరాస నిపుణులు 2023లో అనవసరంగా టెన్షన్ పడ్డారు.

లెక్కలో ఎవరూ తప్పిపోరు. 1995లో దలైలామా, తన తర్వాత అంతటి గురువైన పంచెన్ లామాగా గుర్తించిన ఆరేళ్ల పిల్లాడు మూడు రోజులకే కనపడకుండా పోయాడు. చదువు పూర్తిచేసి ఉద్యోగం చేసుకుంటున్నాడని 2020లో బీజింగ్ సెలవిచ్చింది. ఏ ఊళ్లో, ఏ ఉద్యోగం అని అడగడం మర్యాద కాదు.

ఇక దలైలామా. 2025లో ఆయనకు 90 నిండాయి, నిక్షేపంలా ఉన్నారు. తర్వాతి దలైలామా ఎంపిక మాదేనని బీజింగ్ అప్పుడే తేల్చేసింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం! ఆయనేమో చైనా బయట, స్వేచ్ఛా ప్రపంచంలో పుడతానంటున్నారు. అదెక్కడో? కర్ణాటకలోని టిబెటన్ల కాలనీ బైలకుప్పెలో పుడదామంటే అక్కడి కుర్రకారు అమెరికా, కెనడా విమానాలెక్కుతున్నారు. మఠాల్లో చేరే పిల్లల్లో చాలామంది లద్దాఖ్, అరుణాచల్, నేపాల్ నుంచే వస్తున్నారు. రేపు టొరంటోలో పుడితే మాత్రం పిల్లాడి తల్లిదండ్రులు నిర్లక్ష్యం చేయొద్దు. పూర్వజన్మ ధ్రువపత్రం జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేయించి, మూడు సెట్లు బీజింగ్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి.