మెయిలు పెట్టెకు ఒక రావిచెట్టు

ఉచితంగా ఈ-మెయిలు ఇచ్చే సంస్థలు అందులో దాచుకునే జాగాకు హద్దు పెట్టడం ధర్మమా కాదా అన్న విషయాన్ని గత మూడు వారాలుగా నేను ఏకాగ్రతతో ఆలోచిస్తున్నాను. ఏకాగ్రత కుదరడానికి కారణం, ఈ మూడు వారాల్లో నాకు ఒక్క మెయిలు కూడా రాకపోవడమే. పెట్టె నిండిపోయిందనీ, కొంత ఖాళీ చేస్తే తప్ప కొత్తవి లోపలికి రావనీ, నేను రాసినవి బయటికి పోవనీ సంస్థవారు ఎర్రటి అక్షరాలతో తెలియజేశారు. ఆ సంస్థ పేరు చెప్పను. పదిహేడేళ్లు దాని ఉప్పు ఉచితంగా తిన్నాను.

సంగతి నాకన్నా ముందు చిత్తూరులో ఉండే మా బామ్మర్దికి తెలిసింది. అతను పంపిన గృహప్రవేశం పత్రిక వెనక్కి వెళ్లిందట. "ఏం బావా, పత్రిక తిప్పి పంపితివే, మేమేం తప్పు చేసినామని?" అని ఫోనులో అడిగాడు. ఇంటికి వచ్చి బొట్టుపెట్టి ఇచ్చిన పత్రికను గుమ్మంలోనే కాదన్నంత నొప్పి ఆ గొంతులో ఉంది. జాగా లేదురా అని చెబితే, "ఊరందరికీ ఉండే జాగా నీకే లేకపోయిందా?" అని ఫోను పెట్టేశాడు. అపరిమిత నిల్వ విలాసం కాదనీ, బంధుత్వాలు నిలవడానికి కనీసావసరమనీ రుజువు చేయడానికి నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. అయినా పాఠకులు వాదం కోరుకుంటారు కనుక వాదిస్తాను.

తిరుపతి కొర్లగుంటలో మా వీధి మలుపున ఒక నెట్ సెంటర్ ఉంది. మూడు వందల రూపాయల దర్శనం టిక్కెట్లు బుక్ చేయడం, ఆధార్‌లో ఇంటిపేరు దిద్దించడం, జిరాక్సు, లామినేషన్ అక్కడి ప్రధాన వృత్తులు. అక్కడ కూర్చునే కుర్రవాడు నా పెట్టె తెరిచి, కాసేపు తెర వైపు, కాసేపు నా వైపు చూసి, "సార్, నలభై ఒక్క వేల చిల్లర మెయిల్సు తెరవకుండానే ఉండాయి. ఏం పెట్టుకోనుండారు సార్ ఇందులో?" అన్నాడు. తవ్వకాల్లో బయటపడిన ఎముకను చూసి పురావస్తుశాఖవారు మాట్లాడే పద్ధతిలో, గౌరవంగానే అన్నాడు.

లావుపాటివాటిని ముందు వరుసలోకి తెప్పించాడు. అన్నిటికన్నా పైన నిలిచినవి 2012లో ఇదే బామ్మర్ది కూతురికి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించినప్పటి ఫొటోలు. వెళ్లాయో లేదోనన్న అనుమానంతో అతను వాటిని నాలుగుసార్లు పంపాడు, నాలుగుసార్లవీ భద్రంగా ఉన్నాయి. అసలు ఫొటోల కన్నా మెయిలు బరువు ఎక్కువ చూపుతోందేమని అడిగితే కుర్రవాడు ఓపికగా చెప్పాడు. మెయిలు మొదట అక్షరాలు మోయడానికి పుట్టిన బండి కాబట్టి, దాని మీద బొమ్మను ఎక్కించాలంటే ఆ బొమ్మనంతా ముందు అక్షరాలుగా మార్చాలట, మార్చినప్పుడు మూడు బైట్లు ఉన్నచోట నాలుగు అవుతాయట. అంటే దారిలో ప్రతి బొమ్మా మూడోవంతు ఒళ్లు చేస్తుంది. అలిపిరి మెట్లెక్కిన మనిషి కాస్తయినా చిక్కుతాడు గానీ, మెయిలెక్కిన బొమ్మ లావెక్కుతుంది. ఇందులో నా తప్పేమిటి?

ఆ తరువాతి వరుసలో శ్రీవారి బొమ్మలు వచ్చాయి. తోమాల సేవ అలంకారంలో ఉన్నవి, గరుడ వాహనం మీద ఉన్నవి, మబ్బుల్లోంచి చేయి చాపి "శుభోదయం" అంటున్నవి. శనివారానికి ఒకటి చొప్పున లెక్క వేసినా పదిహేడేళ్లకు సుమారు 887 శనివారాలు. పెరటాసి మాసపు శనివారాలకు బంధువులు ఒకటితో ఆగరు, వైకుంఠ ఏకాదశి లెక్క వేరే. కుర్రవాడు అన్నిటినీ ఒకేసారి ఎంపిక చేసి, బాణం గుర్తును చెత్తబుట్ట బొమ్మ మీదికి తీసుకుపోయి అక్కడ ఆపాడు. నేను అతని వైపు చూశాను. అతను గోడ మీది పటం వైపు చూశాడు. "మీరే నొక్కండి సార్" అని మౌసును నా వైపు జరిపాడు. నేను దాన్ని మళ్లీ అతని వైపు జరిపాను.

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ఇది చిన్న చిక్కు కాదు. స్వామిని చెత్తబుట్టలో వేయమని అడుగుతున్న యంత్రాన్ని కాలిఫోర్నియాలో తయారు చేసినవాళ్లకు శనివారమంటే సెలవు దినం మాత్రమే. కాగితం లోకంలో ఈ చిక్కును మన పెద్దలు ఎప్పుడో విప్పారు. ఏడాది ముగిసిన శ్రీవారి క్యాలెండరును ఎవరూ చెత్తలో వేయరు, అలాగని ఏటా ఒకటి చొప్పున ఇంట్లో పేర్చుకోనూ లేరు. తెల్లవారుజామున నలుగురూ లేవకముందే తీసుకుపోయి వీధి చివర రావిచెట్టు మొదట్లో ఆనించి, ఒక దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. ఆ తరువాత వానకు తడిసి, ఎండకు వెలిసి, ఆ బొమ్మ తనంతట తానే సెలవు తీసుకుంటుంది. పారేసినవాడు ఒక్కడూ ఉండడు, పోవడం మాత్రం పోతుంది. ఇంత సున్నితమైన ఏర్పాటు మెయిలు ఇంజనీర్లలో ఒక్కరికీ తట్టలేదు. కాబట్టి నా మొదటి విన్నపం ఇది: ప్రతి మెయిలు పెట్టెలోనూ చెత్తబుట్ట పక్కన ఒక రావిచెట్టు గుర్తు ఉండాలి, దాని కింద పెట్టినవి రోజుకింత చొప్పున రంగు వెలిసిపోవాలి. అది వచ్చేదాకా మాకు అపరిమితంగా జాగా ఇవ్వడం తప్ప వాళ్లకు గత్యంతరం లేదు. చెత్తబుట్టలోవి కూడా ముప్పై రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి కదా సార్ అని కుర్రవాడు అడ్డు తగిలాడు. చెత్తబుట్టలో ముప్పై రోజులూ, రావిచెట్టు కింద ముప్పై రోజులూ ఒకటి కావన్న సంగతిని ఈ ఊళ్లో ఒకరికి వివరించవలసి వచ్చినందుకు విచారించాను.

ఇంట్లో ఈ ప్రస్తావన తెస్తే మా ఆవిడ, "ముందు అటక మీదవి దించండి, మెయిలు సంగతి తరువాత చూద్దురుగానీ" అన్నది. మా అటక మీద ఇప్పుడు లేని గ్రైండరుకు మూత ఉంది, మూడు చిరునామాల కిందటి గ్యాస్ బుక్కు ఉంది, పెళ్లిలో చదివించిన ఇత్తడి కూజాలు ఇంకా రంగు కాగితంలోనే ఉన్నాయి. అయితే ఆవిడ పోలికలో ఒక లోపం ఉంది. అటకకు పైకప్పు ఉంటుంది. పైకప్పు తగిలినప్పుడు మనిషి కూజాకూ మూతకూ మధ్య ఏది ముఖ్యమో తేల్చుకోవలసి వస్తుంది. ఆ తేల్చుకునే బాధ నుంచి విముక్తి కావాలనే గదా నేను పైకప్పు లేని అటకను అడుగుతున్నది!

ఇది అత్యాశ అనేవారికి చరిత్ర తెలియదు. 1996 జూలై 4న హాట్‌మెయిల్ మొదలైన కాలంలో మనిషికి ఇచ్చిన జాగా 2 ఎంబీ. యాహూ కూడా మొదట్లో కొద్ది ఎంబీలే ఇచ్చింది. ఆ రోజుల్లో జనం మెయిలు చదివి, జవాబు రాసి, చెరిపేసేవారు, అంటే ఒక రకమైన అనాగరిక దశలో ఉండేవారు. 2004 ఏప్రిల్ 1న గూగుల్ జీమెయిల్ పేరుతో ఏకంగా 1 జీబీ, అంటే సుమారు వెయ్యి ఎంబీ ఇస్తామన్నప్పుడు, తేదీ చూసి చాలామంది అది ఫూల్స్ డే వేళాకోళమని అనుకున్నారు. సరిగ్గా ఏడాదికి, మళ్లీ ఏప్రిల్ 1నే, దాన్ని 2 జీబీకి పెంచడమే కాకుండా, జాగా క్షణక్షణానికీ పెరుగుతున్నట్టు ఒక అంకెను మొదటి పేజీలో పరుగెత్తించారు. బాలాజీ కాలనీలో గంటకు పదిహేను రూపాయలు ఇచ్చి, చేయవలసిన పని మానుకుని, ఆ అంకె తిరగడాన్ని చూస్తూ కూర్చున్నవాళ్లలో నేనొకణ్ని. నాకు ఏమీ చేయకుండానే ఆస్తి పెరగడం జీవితంలో అదొక్కసారే జరిగింది.

2007లో యాహూ ఇంకో అడుగు వేసి, లెక్కే లేదు పొమ్మని అపరిమితం చేసింది. అపరిమితం తరువాతి మెట్టు ఏమై ఉంటుందని అప్పట్లో ఎవరూ అడగలేదు. 2013లో తెలిసింది: 1 టీబీ, అంటే సుమారు వెయ్యి జీబీ. 2025లో ఇంకా బాగా తెలిసింది: 20 జీబీ. గూగుల్ కూడా ఫొటోలను ఒక మోస్తరు నాణ్యతతో ఎన్నయినా దాచుకోవచ్చని 2015లో చెప్పి, 2021 జూన్ 1 నుంచి వాటిని 15 జీబీ లెక్కలోకి తెచ్చింది. మనం బతికేది శేషాచలం నీడలో. ఆదిశేషుడికే అనంతుడని ఇంకో పేరు. అంతం లేనిదీ, చివరికి మిగిలేదీ ఒకే పాముకు పేర్లని పురాణాలు ముందే చెప్పి ఉంచినా, 2007లో అనంతాన్ని నమ్మి చేరినవాళ్లు శేషం లెక్క చూసుకోవడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

నిజానికి అపరిమితం అన్న మాటకు అర్థం తిరుపతి బస్టాండు చుట్టుపక్కల హోటళ్లలో భోంచేసినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బోర్డు మీద "అన్‌లిమిటెడ్ మీల్స్" అని ఉంటుంది. యజమాని ఆ మాట రాసింది మన ఆకలిని నమ్మి కాదు, కొండ దిగి అలసిపోయి వచ్చిన నూరుమంది సగటు కడుపును నమ్మి. తొంభైమంది రెండోసారి అన్నం పెట్టించుకుని లేచిపోతారు, మిగిలిన పదిమంది తినే అదనపు రసాన్ని ఆ తొంభైమంది భరిస్తారు. మూడోసారి అన్నం అడిగినవాడికి వడ్డించే మనిషి చూపు అందదు. అతను బకెట్టుతో మన వరుస దాకా వస్తాడు, మన పక్క విస్తరి దాకా వస్తాడు, అక్కడి నుంచి వంటింట్లో ఎవరో పిలిచినట్టు వెళ్లిపోతాడు. మెయిలు సంస్థల లెక్కా ఇదే. చేరినవాళ్లలో చాలామంది పెట్టెలో పిడికెడు కూడా నింపరు, ఆ ఖాళీని చూపించే మనందరికీ అపరిమితమని బోర్డు కట్టగలిగారు. ఆ మీదట ఫోన్లలో కెమెరాలు వచ్చాయి, బామ్మర్దులు వచ్చారు, ప్రతి విస్తరీ మూడోసారి అన్నం అడగడం మొదలుపెట్టింది. దాచిన ప్రతిదానికీ ఎక్కడో ఒక డిస్కు తిరగాలి, దానికి కరెంటు కావాలి, వేడెక్కకుండా చల్లబరచాలి, ఒకటి చెడితే ఇంకొకటి ఉండాలని నకళ్లు తీయాలి. ఆ రకంగా మా పాప గుండు ఫొటోలు నాలుగుసార్లు కాదు, అంతకు ఎన్నో రెట్లు భూమండలం మీద చల్లగా భద్రపరచబడి ఉన్నాయన్నమాట. గర్వించాను.

ఉచితమన్నదాని మీద కూడా కొందరికి అపోహ ఉంది. కొండ మీద కల్యాణకట్టలో గుండు గీయించుకోవడానికి ఎవరూ డబ్బు అడగరు, తలనీలాలు వేలానికి వెళతాయని అందరికీ తెలుసు, తెలిసే మొక్కు చెల్లిస్తాం. జీమెయిల్ కూడా మొదటి నుంచీ మన ఉత్తరాల్లోని మాటలను యంత్రంతో చదివించి, వాటికి తగిన ప్రకటనలను పక్కన చూపించేది. 2017లో ఆ పద్ధతి మానుకుంటున్నట్టు ప్రకటించింది. దీనిలో తేడా ఒక్కటే: కల్యాణకట్ట నుంచి బయటికి వచ్చినవాడు తల తడుముకుంటే సంగతి తెలిసిపోతుంది.

మా పక్కింటి విశ్రాంత తెలుగు అధ్యాపకుడు నా వాదాన్ని అన్నమయ్యతో కొట్టాలని చూశారు. అన్నమాచార్యులవారు 32,000 కీర్తనలు చెప్పారని ప్రతీతి. వాటిని రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలోనే ఒక అరలో భద్రపరిచారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రేకులు బయటపడితే, సగం కీర్తనలు కూడా మిగల్లేదు. కీర్తనకు ఆరు వందల గుర్తులు, కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తుకు మూడు బైట్లు చొప్పున నేనే ఆయన ముందు కాగితం మీద లెక్క వేశాను. మొత్తం 32,000 కీర్తనలూ 60 ఎంబీలో పడతాయి. "అంటే మీ పాప గుండు కన్నా తక్కువ" అన్నారాయన. అంత తొందరపాటు తగదని మనవి చేశాను. రాగి అపరిమితంగా దొరికి ఉంటే, దాచుకునే అర ఎంత కావాలంటే అంత పెరిగి ఉంటే, పూర్తి 32,000 ఈరోజు మన చేతిలో ఉండేవి. వాటితోపాటు ఆ కాలపు వర్తకులు పంపిన తగ్గింపు ధరల ప్రకటనలు, వెనక్కి రాని అప్పుల జాబితాలు, "ఈ రేకును పదకొండుమందికి పంపినవారికి శుభం" అన్న రేకులు ఒక అయిదారు లక్షలు కూడా ఉండేవి. వాటి మధ్య కీర్తనలను వెతకడం తరువాతి తరాల బాధ్యత. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. నేను దాన్ని అంగీకారంగా తీసుకున్నాను.

ఈ విషయాలన్నీ క్రోడీకరించి, రావిచెట్టు గుర్తు బొమ్మను కూడా చేత్తో గీసి జతచేసి, సంస్థవారికే ఒక విన్నపం రాశాను. పెట్టె నిండినవాడి మెయిలు బయటికి పోదన్న నిబంధన అప్పుడు గుర్తుకు వచ్చింది. కుర్రవాడు తన మెయిలు నుంచి పంపుతానన్నాడు గానీ, ఒకరి మొర ఇంకొకరి గొంతుతో వినిపించడం నాకు నచ్చలేదు. అచ్చు వేయించుకుని, కవరులో పెట్టి, జిగురంటించి పోస్టాఫీసుకు తీసుకుపోయాను. కౌంటరులోని ఆయన కవరును తూకం వేసి, తిప్పి చూసి, "సార్, పేరొక్కటే ఉంది, అడ్రస్ ఏది?" అన్నాడు. పదిహేడేళ్లుగా నా సామానంతా వాళ్లింట్లోనే ఉందని చెప్పాను.

"ఉంటే ఉండనీ సార్. డోర్ నంబరు?"

కవరు వెనక్కి తీసుకుని, పక్కన ఉన్న బల్ల దగ్గరికి వెళ్లి, పెన్ను మూత తీసి చాలాసేపు నిలబడ్డాను.