లేవండి పక్షిగారూ!

మీ పేరు మీకు తెలుసనుకుంటున్నారు కదా? తెలియదు. మీ ఊరి పేరు అసలే తెలియదు. ఏ పేరునైనా రెండు ముక్కలుగా విరిచి, ఒక ముక్కకి కాస్త సంస్కృతం, రెండో ముక్కకి కాస్త పురాణం పూస్తే గానీ అసలు సంగతి బయటపడదు. దీనికి భాషాశాస్త్రం అక్కర్లేదు, పైగా అది తెలిస్తే చెయ్యి వణుకుతుంది.

లేపాక్షినే తీసుకోండి. రావణుడు రెక్కలు నరికితే జటాయువు అక్కడ పడిందనీ, రాముడొచ్చి ‘లే పక్షీ’ అన్నాడనీ, అదే ఊరి పేరయిందనీ చిన్నప్పుడే విన్నాం. విని ఊరుకున్నాం, అదీ మన తప్పు. అయోధ్యలో పుట్టిన మనిషి, భార్య కనిపించక అడవంతా ఏడుస్తూ తిరుగుతున్నవాడు, చావుబతుకుల్లో ఉన్న పక్షి ఎదురైతే ఇంటిభాష పక్కనపెట్టి అచ్చతెలుగులో ‘లే’ అన్నాడంటే మాటలా! (‘పక్షి’ సంస్కృతమే కదా అని అడిగేవాళ్ళు ఉంటారు, వాళ్ళని పట్టించుకోకండి.) ‘ప’కి దీర్ఘం ఎందుకొచ్చిందంటే దుఃఖం వల్ల, ఏడుస్తూ పిలిస్తే దీర్ఘం రాదా మరి. నాకున్న ఇబ్బంది ఒక్కటే: జటాయువు దశరథుడి స్నేహితుడు, అంటే వరసకి పెద్దాయన, ఆయన్ని పట్టుకుని ‘లే’ అంటాడా? మర్యాదాపురుషోత్తముడు కాబట్టి ‘లేవండి పక్షిగారూ’ అనే ఉంటాడు, ఊరి పేరు అలాగే మార్చాలని నా డిమాండ్. ఏదేమైనా త్రేతాయుగం నాటికే తెలుగు వాడుకలో ఉందని తేలిపోయింది. ఇంత సాక్ష్యం కళ్ళెదుట పెట్టుకుని కేంద్రం మనకి ప్రాచీన హోదా ఇవ్వడానికి 2008 దాకా ఎందుకు ఆగిందో మాత్రం తేలలేదు.

కొన్ని ఊళ్ళకి ఈ అదృష్టం లేదు. అలంపురం గుడికి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఆగి ఇరుసులకి కందెన రాసుకునేవట, అందుకే ఆ ఊరు కందనవోలు, అదే కర్నూలు అంటారు. దేవుడు లేడు, శాపం లేదు, రాక్షసుడు కూడా లేడు, కందెన! మెకానిక్ షెడ్డు మీద ఊరి పేరేమిటండీ, పరువు తక్కువ. గుంటూరు వాళ్ళే నయం. గుంట ఉన్న ఊరంటే మొహం చిట్లించే పెద్దమనిషి కూడా గర్తపురి అనగానే చేతులు జోడిస్తాడు. గర్తం అన్నా గుంటే. కానీ రోడ్డు మీద గుంట పడితే కార్పొరేషన్‌ని తిడతాం, గర్తం పడితే కొబ్బరికాయ కొడతాం.

సికింద్రాబాద్ లాంటి పేర్లతో అసలు తంటా. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద పెట్టారని స్పష్టంగా ఉండి చచ్చింది, తవ్వడానికేముంది? నేను వదల్లేదు. పర్షియన్‌లో సికందర్ అంటే అలెగ్జాండరే కాబట్టి, ఆ మహావీరుడు బియాస్ నది దగ్గర వెనక్కి తిరిగాడన్నది అబద్ధం. ప్యారడైజ్ సర్కిల్ ట్రాఫిక్ చూసి తిరిగాడు.

విదేశాల సంగతి, ఏ పేరు చూసినా సంస్కృతమే వెతికిన రచయిత పి.ఎన్. ఓక్ గారు ఎప్పుడో తేల్చేశారు: క్రిస్టియానిటీ కృష్ణనీతి, వాటికన్ వాటిక, తాజ్‌మహల్ తేజోమహాలయం. ఆయన తాజ్‌మహల్ పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2000లో కొట్టేసింది, కోర్టులకి సంధులు రావు. ఆయన బాటలో నా వంతు చెబుతాను. న్యూయార్క్ అంటే నవ్యార్కం, కొత్త సూర్యుడు. అక్కడి లిబర్టీ విగ్రహం చేతిలో కాగడా ఊరికే పెట్టారా? మాంచెస్టర్ ‘మంచి శాస్త్రం’. టెక్సాస్ తక్షశిల, మనవాళ్ళు చదువుకని అక్కడికే వెళ్ళడంలో ఆశ్చర్యమేముంది.

నిజంగా గూఢార్థం దాచిన పేర్లూ లేకపోలేదు, కాకపోతే వాటిలో మజా లేదు. అక్షరానికో అంకె కట్టే కటపయాది లెక్కలో ‘ధ’ తొమ్మిది, ‘ర’ రెండు, తిరగేస్తే 29, అందుకని శంకరాభరణం రాగం ముందు ‘ధీర’ తగిలించి కర్ణాటక సంగీతంలో 29వ మేళకర్త, అంటే మూలరాగం, చేశారు. కల్యాణికి ‘మేచ’ తగిలించి 65. లెక్క ముందు ఒప్పుకుని, తర్వాత పేరు పెట్టారు, ఎవరు లెక్కేసినా అదే జవాబు! ఎవరు చేసినా ఒకటే వస్తే ఇక పండితుడెందుకు? మన పద్ధతిలో జవాబు ముందు ఉంటుంది, లెక్క దాని వెనకాల పరిగెత్తుకొస్తుంది.

మా బంధువు ఒకాయన ఈ పద్ధతినే నమ్మి, న్యూమరాలజీ గురువు చెప్పాడని ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో ‘ఏ’ చేర్చుకున్నాడు, ధనయోగమట. ఇప్పుడు ఆధార్‌లో రెండు ఏలు, పాన్‌లో ఒక ఏ, పాస్‌బుక్‌లో ఇంటిపేరు మాత్రమే. కేవైసీ ఆగిపోయింది, ఉన్న ధనం కూడా బయటికి రావడం లేదు. టెన్షన్ పడి గురువుగారికి ఫోన్ చేస్తే, నీ పేరు బ్రహ్మాండంగా ఉంది నాయనా, బ్యాంకు పేరులోనే ఒక ‘హెచ్’ తక్కువైంది, మేనేజర్‌ని ఒకసారి నా దగ్గరికి తీసుకురా అన్నాడట.