సద్దుల బతుకమ్మ సాయంత్రం షోరూములో ఎవరున్నారు?

తెలంగాణలో బతుకమ్మ సాయంత్రం పూట ఆడే పండుగ. పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల పండుగలో పొద్దు వాలాక ఆడవాళ్లు బతుకమ్మలు పేర్చుకుని గుడి దగ్గరో, చెరువు గట్టునో, అపార్ట్‌మెంట్ ఆవరణలోనో చేరతారు. బట్టల షాపులకు గిరాకీ ఊపందుకునేది కూడా సరిగ్గా అదే వేళకు. ఐదింటికి మొదలైన రద్దీ రాత్రి పదింటి దాకా తగ్గదు. అందుకే అమీర్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో, హనుమకొండ చౌరస్తాలోనో బతుకమ్మ చీరలు అమ్మే అమ్మాయిలకు బతుకమ్మ ఆడే వీలుండదు. ఆంధ్రలో దసరా, దీపావళి సీజన్‌లో విజయవాడ బీసెంట్ రోడ్డు మీద పనిచేసేవాళ్లదీ ఇదే కథ.

పండుగ షాపింగ్ గురించి ఏటా వచ్చే రాతల్లో సగం కొనేవాళ్లను మందలించడంతోనే సరిపోతుంది. నాకు ఆ ఉద్దేశం లేదు. ఏడాదంతా పొదుపు చేసిన ఇంట్లో పండక్కి నాలుగు జతల బట్టలు, ఒక వాషింగ్ మెషీన్ కొనుక్కుంటే అది సంతోషమే. నా బాధంతా అమ్మేవాళ్ల గురించి. అందరికీ పండుగ చేస్తామని ప్రకటనలిచ్చే ఈ వ్యాపారం కొన్ని లక్షల కుటుంబాల్లో ఆ ఒక్క రోజునే లేకుండా చేస్తోంది. పోయిన ఆ రోజును మరో రోజు సెలవిచ్చి తీర్చడం కుదరదు.

చీరల కౌంటర్ దగ్గర పని ఎలా ఉంటుందో కాసేపు గమనిస్తే తెలుస్తుంది. సేల్స్ గర్ల్ చీర తీసి మడత విప్పి, అంచు, పల్లూ కనబడేలా పరుస్తుంది. కస్టమర్ అడిగితే తన భుజం మీదే వేసుకుని చూపిస్తుంది. వచ్చిన కుటుంబం ముప్పై చీరలు చూసి, ఒకటి పక్కన పెట్టించి, ఇంకో ఫ్లోర్ చూసొస్తామని వెళ్తుంది. ఆ కుప్ప అలా ఉండగానే తర్వాతివాళ్లు వచ్చి కూర్చుంటారు. కూర్చునేది వాళ్లే, ఆమెకు స్టూలు ఉండదు. ఉన్నా ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ చూస్తుండగా కూర్చునే ధైర్యం ఉండదు. భోజనం వంతులవారీగా, గబగబా. షట్టర్ దించాక కూడా పని అయిపోదు, విప్పిన చీరలన్నీ మళ్లీ మడతపెట్టి అరల్లో సర్దాలి. ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు షాపు వాళ్లు చూపించిన హాస్టల్‌కి వెళ్తారు. సిటీలో ఉండేవాళ్లు ఆఖరి బస్సు కోసం పరుగెత్తుతారు. ఇంటికెళ్లేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. సీజన్ నడిచినన్నాళ్లూ వీక్లీ ఆఫ్ అడగకూడదన్నది చాలా చోట్ల చెప్పకుండానే అమలయ్యే రూలు.

చట్టం మరోలా చెబుతుంది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం (తెలంగాణలోనూ నడుస్తున్నది అదే) రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారానికో సెలవు అంటుంది. అంతకు మించి చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి. జాతీయ దినాలకు, పండుగలకు జీతంతో సెలవు ఇవ్వాలని 1974లోనే ప్రత్యేకంగా మరో చట్టం వచ్చింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం, ఏటా 10 వేల రూపాయల ఫీజు కడితే షాపులు 24 గంటలూ తెరుచుకోవచ్చని జీవో ఇచ్చింది. అందులోనూ వీక్లీ ఆఫ్, ఓవర్‌టైమ్, పండుగ రోజు పనిచేస్తే బదులుగా మరో సెలవు అనే షరతులున్నాయి. 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతిచ్చినప్పుడు తెలంగాణ షాపులను మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచింది. అంటే తెలంగాణలో షాపుల దాకా రాకపోయినా, పని గంటలు పెంచే గాలే రెండు రాష్ట్రాల్లోనూ వీస్తోంది.

ఈ చట్టాలు తు.చ. తప్పకుండా అమలైనా ఒక సమస్య మిగిలే ఉంటుంది. బదులు సెలవు అనే ఆలోచనలోనే లోపం ఉంది. దసరా రోజు పనిచేయించుకుని, మూడు వారాల తర్వాత మంగళవారం సెలవిస్తే లెక్క ప్రకారం సరిపోయింది. ఆ మంగళవారం ఊళ్లో జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చేవాళ్లు ఉండరు. అక్కచెల్లెళ్లు అత్తారింటికి తిరిగెళ్లిపోయి ఉంటారు, పిల్లలు బడిలో ఉంటారు. మామూలు రోజు సెలవు ఒంటరిగా తీసుకోవచ్చు. పండుగ మాత్రం నలుగురూ ఒకే రోజు ఖాళీగా ఉంటేనే జరుగుతుంది.

2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబర్ 2నే వచ్చాయి. ఆ రోజు మాంసం, మద్యం దుకాణాలు మూస్తారు కాబట్టి దసరా దావత్ ఎట్లా అని తెలంగాణ అంతా వారం ముందు నుంచే చర్చ. టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో అదే మాట. ఒక జాతీయ సెలవు, ఒక పండుగ సెలవు ఒకే రోజు పడ్డాయి. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లకు ఏం దక్కాలి, ఏం దక్కిందనే ప్రశ్న అంత చర్చలోనూ ఎక్కడా వినబడలేదు.

ఆన్‌లైన్ వచ్చాక దీని కొలతే మారిపోయింది. ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే 2014 అక్టోబర్ 6న జరిగింది. రద్దీకి సైట్ తట్టుకోలేక, కంపెనీ వ్యవస్థాపకులే కస్టమర్లకు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అమెజాన్ తన గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్ మొదలుపెట్టింది. అప్పటి ఒక్కరోజు సంబరం ఇప్పుడు నవరాత్రి నుంచి దీపావళి దాకా సాగుతోంది. 2025లో జీఎస్టీ తగ్గింపు కూడా సరిగ్గా నవరాత్రి మొదటి రోజు, సెప్టెంబర్ 22న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వమే దాన్ని పొదుపు పండుగ అంది. ఆ మర్నాడే పెద్ద కంపెనీల సేల్స్ మొదలయ్యాయి.

ఆ సరుకు మేడ్చల్, శంషాబాద్ లాంటి చోట్ల గోదాముల్లోంచి కదలాలి. గోదాముల్లో టార్గెట్ ఒత్తిడి ఎంత దాకా పోతుందో చెప్పడానికి 2024 వేసవిలో హర్యానాలోని మానేసర్‌లో బయటపడిన సంగతి చాలు. లారీల్లో సరుకు దించడం పూర్తయ్యే దాకా నీళ్లకు, మరుగుదొడ్డికి వెళ్లబోమని అక్కడి అమెజాన్ గోదాములో కార్మికులతో ప్రతిజ్ఞ చేయించారని వార్తలొచ్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు చేపట్టింది. అది పండుగ సీజన్ కూడా కాదు. అక్టోబర్‌లో లారీలు ఇంకా ఎక్కువ ఉంటాయి.

ఆఖరి అంచెలో డెలివరీ బాయ్ ఉంటాడు. అతనికి జీతం లేదు, ఆర్డర్‌కి ఇంత అని వస్తుంది. పండుగ రోజు ఇన్సెంటివ్ పెంచుతారు. అది పొందాలంటే ఇన్ని గంటలు లాగిన్‌లో ఉండాలి, ఇన్ని ఆర్డర్లు వదలకుండా పూర్తి చేయాలి. ఇష్టముంటేనే చేయొచ్చని కంపెనీలంటాయి. మామూలు రోజు వచ్చేది పెట్రోలుకూ బండి కిస్తీకీ పోతుంటే, పండుగ ఇన్సెంటివ్ వదులుకునే స్తోమత ఎంతమందికి ఉంటుంది? 2025లో యాప్ కార్మికుల సంఘాలు సమ్మెకు ఎంచుకున్న తేదీలు డిసెంబర్ 25, 31. మనం ఎక్కువ ఆర్డర్లు పెట్టే రోజులే వాళ్ల మాట వినబడే రోజులని వాళ్లకు తెలుసు.

ఇక ఇళ్ల సంగతి. సింగరేణి ఊళ్లలో దీన్ని చాలా స్పష్టంగా చూడొచ్చు. గోదావరిఖని, మంచిర్యాల, కొత్తగూడెం బజార్లు దసరాకు ముందు లాభాల వాటా ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తాయి. 2024లో లాభాల్లో 33 శాతం, 2025లో 34 శాతం కార్మికులకు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి 2024లో 5,000, మరుసటి ఏడాది 5,500 రూపాయలు ఇచ్చారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షకు పైగా. ఒకే గనిలో, ఒకే షిఫ్టులో దిగే ఇద్దరికి పండుగ డబ్బులో అంత తేడా. కానీ ఇద్దరి పిల్లలూ ఒకే బడిలో చదువుతారు, షోరూము కట్టిన ఒకే ఫ్లెక్సీ చూస్తారు. ఆ తేడా పూడ్చుకోవడానికి కాంట్రాక్టు కార్మికుడి ఇల్లు ఈఎంఐ వైపు వెళ్తుంది.

ఈఎంఐ మీద ఒక్క మాట చెప్పాలి. వడ్డీ లేని కిస్తీ అన్న ప్రకటన లేని పండుగ పేపర్ ఇప్పుడు ఉండదు. 2013 సెప్టెంబర్‌లోనే రిజర్వ్ బ్యాంకు, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి కస్టమర్ మీద వేయడం సరికాదని బ్యాంకులకు చెప్పింది. పద్ధతులు మారాయి, ప్రకటన మాత్రం మిగిలింది. నగదుకు దొరికే డిస్కౌంట్ కిస్తీకి దొరకకపోతే ఆ తేడానే వడ్డీ. తాకట్టు లేని వినియోగ రుణాలు మరీ వేగంగా పెరుగుతున్నాయని 2023 నవంబర్‌లో అదే రిజర్వ్ బ్యాంకు నిబంధనలు బిగించింది కూడా. దీపావళి నాటి టీవీకి ఉగాది దాకా కట్టే ఇళ్లలో, నెలాఖరున భార్యాభర్తల మధ్య వచ్చే గొడవకు ఆ టీవీ కారణమని ఎవరూ పైకి అనరు. సేల్స్ గర్ల్ ఇంట్లోనూ అలాంటి కిస్తీ ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. ఆ కిస్తీ ఉంది కాబట్టే ఆమె పండుగ రోజు సెలవు అడగలేదు.

పూర్వం పండుగ ముందు ఎవరూ కష్టపడలేదని నేను అనను. నాన్న ఒకే తాను కొని అందరు పిల్లలకూ కుట్టించిన రోజుల్లో టైలర్ వారం రోజులు రాత్రి తెల్లవార్లూ మిషన్ తొక్కేవాడు. కానీ పండుగ తెల్లారేసరికి మిషన్ ఆగేది. తెల్లవారుజామున కాజాలు కుట్టిన మనిషి మధ్యాహ్నం తన ఇంట్లో పూర్ణాలు తిన్నాడు. ఇప్పుడు పోయింది ఆ ఆగడం.

ఉద్యోగాల మాటేమిటి అని అడుగుతారు, అడగాల్సిందే. 2025 సీజన్‌కి ఫ్లిప్‌కార్ట్ 2.2 లక్షల మందికి, అమెజాన్ 1.5 లక్షల మందికి పని కల్పిస్తామని ప్రకటించాయి. చదువు ఆపేసిన కుర్రాడికి రెండు నెలల జీతం చిన్న విషయం కాదు. చిన్న బట్టల వ్యాపారికి ఏడాది లాభమంతా ఈ నాలుగు వారాల్లోనే ఉంటుంది. సీజన్ ఉండొద్దని నేను అనడం లేదు. నాలుగు వారాల అమ్మకంలో అసలు పండుగ రోజు సాయంత్రం అమ్మే సరుకు ఎంత? దీపావళి రాత్రి ఎనిమిదింటికి ఫ్రిజ్ ఇంటికి చేరకపోతే ఎవరికి నష్టం? చాలావరకు ఆ కొనుగోలు ముందురోజుకో మర్నాటికో జరుగుతుంది. మరి షాపులు ఎందుకు మూయరు? పక్క షాపు తెరిచి ఉంటుందని. ఒక్కడే మూస్తే ఒక్కడే నష్టపోతాడు, అందరూ మూస్తే ఎవరికీ పెద్దగా పోయేదేమీ లేదు. అందుకే దీన్ని యజమాని మంచితనానికి వదిలేస్తే తేలదు.

అందరికీ కలిపి ఒకే రూలు పెట్టిన చోట్ల వ్యాపారం మునిగిపోలేదు. అమెరికాలో మెయిన్, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్ అనే మూడు రాష్ట్రాల్లో నవంబర్‌లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ నాడు పెద్ద షాపులు తెరవడానికి చట్టమే ఒప్పుకోదు. అక్కడున్న మనవాళ్లకు ఇది అనుభవమే. మిగతా రాష్ట్రాల్లో పోటీపడి ఆ రాత్రే సేల్స్ మొదలుపెట్టిన గొలుసు దుకాణాల్లో ఒకటైన టార్గెట్ కంపెనీ, కోవిడ్ ఏడాది మూసి చూసి, 2021లో ఇక ఆ రోజు శాశ్వతంగా సెలవేనని ప్రకటించింది. 2008లో థ్యాంక్స్‌గివింగ్ మర్నాటి బ్లాక్ ఫ్రైడే సేల్ రోజు తెల్లవారుజామున న్యూయార్క్ దగ్గరి వాల్‌మార్ట్‌లో తోపులాటకు తలుపు దగ్గరున్న తాత్కాలిక ఉద్యోగి నలిగి చనిపోయిన దేశం అది. పోలండ్ 2025 నుంచి క్రిస్మస్ ముందురోజునూ సెలవు చేసింది.

అంత దూరం పోనక్కర్లేదు. కూర్చునే హక్కు కోసం కోజికోడ్ బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్లపాటు పోరాడితే 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు మార్చింది. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే ఉండేది. షాపు కార్మికుల దాకా రావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా నిలబడి పనిచేసే ఉద్యోగులకు సీటింగ్ ఏర్పాటు ఉంది. ఇక మన షోరూముల్లో స్టూలు వేయకపోవడానికి సాకు లేదు.

పండుగ రోజు మూసివేతకు కూడా మన దగ్గర దారి ఉంది. వర్తక సంఘం మాట మీద వారానికో రోజు బజారంతా మూసే అలవాటు మన పట్టణాలకు కొత్త కాదు. అదే పద్ధతిలో సద్దుల బతుకమ్మ, దీపావళి రోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత, దసరా, సంక్రాంతి రోజుల్లో పూర్తిగా పెద్ద షోరూములు, మాల్స్ మూసేలా కార్మిక శాఖ జీవో ఇవ్వాలి. మందుల షాపులు, పాలు, పూలు, చిల్లర అంగళ్లకు మినహాయింపు ఇవ్వొచ్చు. యాప్‌ల వాళ్లు ఆ రోజు డెలివరీ స్లాట్లు చూపించకుండా ఆపాలి. కావాలనుకుంటే మర్నాటి తేదీ ఇవ్వడం సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు. ఆ రోజు పని తప్పనిసరైన చోట రెట్టింపు కూలి పే స్లిప్ మీద విడిగా కనబడాలి.

ఈ లోగా చేయడానికి కొత్త చట్టం అక్కర్లేని పని ఒకటుంది. 24 గంటల అనుమతి తీసుకున్న షాపులన్నీ కార్మిక శాఖ దగ్గర ఫీజు కట్టినవే కాబట్టి వాటి పేర్లు, చిరునామాలు ఆ శాఖ దగ్గరే ఉన్నాయి. అధికారులు దీపావళి అయిన వారానికి ఆ జాబితా పట్టుకుని వెళ్లి హాజరు రిజిస్టర్, ఓవర్‌టైమ్ రిజిస్టర్, బదులు సెలవుల లెక్క అడగాలి. షరతు తప్పిన షాపుకి మరుసటి ఏడాది అనుమతి పునరుద్ధరించకూడదు.