గుండె తిరిగి కొట్టుకున్నాక

గుండె ఆగి బతికిన పిల్లల గురించి నేను చదివిన ఒక వ్యాసం, వాళ్లు ఇల్లు చేరడాన్నే కోలుకోవడంగా లెక్కించడం నాకు సరికాదనిపించింది. పిల్లల్లో గుండె ఆగడానికి చాలాసార్లు మూలం ఊపిరి అందకపోవడమే కాబట్టి, గుండె నిలిచేలోపే మెదడు ఆక్సిజన్ లేక అలమటిస్తుంది. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోక్యాంపస్ తేలిగ్గా దెబ్బతినే భాగాల్లో ఒకటి. అందుకే చక్కగా నడిచి, మాట్లాడే బిడ్డ కూడా మూడు పనులు ఒకేసారి చెబితే మొదటిది చేసి ఆగిపోవచ్చు. దాన్ని బద్ధకమని పెద్దలు కసురుకుంటే మనసు చివుక్కుమంటుంది. గుండె ఆగిన పిల్లల్లో శరీరాన్ని 33 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచే చికిత్సను పరీక్షించి 2015లో ప్రచురించిన థాప్కా అధ్యయనం ఏడాది తరువాతి స్థితిని కొలిచింది. పసివాళ్లకు ఆ ఏడాదీ చాలదు, ఎందుకంటే ఏకాగ్రతలోని లోటు ఒక్కోసారి బడిలో చదువు బరువెక్కాకే బయటపడుతుంది. డిశ్చార్జి కాగితంలోనే నరాల వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు మళ్లీ చూసే తేదీలు రాసి ఇవ్వాలి. తల్లిదండ్రుల నిద్ర గురించి, భయం గురించి కూడా అడగాలి.