సెన్సర్ మార్చే ముందు వైరు చూడండి

సెస్నా 172 లాంటి శిక్షణ విమానంలో ఆయిల్ టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి ఎర్రగీత దాటితే పైలట్ వెంటనే దిగాల్సిందే. దాని మీద వాదన లేదు. నా అభ్యంతరమంతా ఆ తర్వాత హ్యాంగర్‌లో జరిగేదాని మీదే. మీటరు పట్టకుండానే కొత్త సెన్సర్‌కు ఆర్డరు వెళ్తుంది. డబ్బు పోతే పోయింది, అసలు లోపం విమానంలోనే ఉండిపోతుంది.

ఏడు లీటర్ల పైచిలుకు ఆయిల్ ఒక్క సెకనులో వేడెక్కదు. ఇంజిన్ నడుస్తుండగా ల్యాండింగ్ లైటు వేసి చూడండి. ఆ క్షణానే ముల్లు జరిగితే అది వేడి కాదు, ఎర్త్ లోపం, అంటే కరెంటు తిరిగొచ్చే దారిలో లోపం. పాత విమానాల్లో సెన్సర్‌కు ఒకటే వైరు, కరెంటు తిరుగుదారి ఇంజిన్ లోహమే. ఇంజిన్‌ను ఎయిర్‌ఫ్రేమ్‌కు, అంటే విమానం చట్రానికి, కలిపే పట్టీ బోల్టు దగ్గర తుప్పు పడితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీద భారం పెరిగినప్పుడల్లా గేజ్ తప్పు చెబుతుంది. వేడికి నిరోధం తగ్గే రకం సెన్సరైతే, వైరు తెగితే ముల్లు చల్లని వైపు పడిపోతుంది. వైరు ఒరుసుకుని లోహానికి తగిలితే వేడి వైపు చివరికంటా పోతుంది. సెన్సర్ మీదే అనుమానముంటే విప్పి, మరిగే నీళ్లలో పెట్టి, ఓములు కొలిచి మాన్యువల్‌తో పోల్చాలి. బేగంపేట సముద్రమట్టానికి దాదాపు 530 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ రెండు డిగ్రీలు మరిచి మంచి సెన్సర్‌ను పారేయకండి.

సిలిండర్ హెడ్ వేడిని కొలిచే థర్మోకపుల్ కథ వేరు. అది రెండు వేర్వేరు లోహపు తీగల జత, వేడెక్కితే తనే కొద్దిపాటి వోల్టేజి పుట్టిస్తుంది. అందులో పుట్టేది డిగ్రీకి 40, 50 మైక్రోవోల్టులు మాత్రమే. తెగిన చోట మామూలు రాగి వైరు అతికితే ఆ అతుకు వేడి కూడా రీడింగులో కలిసిపోతుంది. అమెరికన్ రంగుల పద్ధతిలో ఎర్ర వైరు నెగెటివ్. ఎరుపంటే పాజిటివ్ అన్న అలవాటుతో తారుమారు చేస్తే ఇంజిన్ వేడెక్కేకొద్దీ ముల్లు కిందికి దిగుతుంది. మూడో సిలిండర్ ఒక్కటే ఎక్కువ చూపిస్తోందా? దాని ప్రోబ్‌ను ఒకటో దానితో మార్చండి. లోపం ఒకటోదానికి వెళితే ప్రోబ్ చెడింది. మూడు దగ్గరే ఉంటే వైరో, గేజో, లేదా చల్లటి గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే బ్యాఫిల్ సీలు చిరగడం వల్ల నిజంగానే పెరిగిన వేడో. ఆ చివరిది తేలేదాకా విమానాన్ని వదలకూడదు.

విమానం నేల మీద ఉన్న ప్రతి గంటా నష్టమే, భాగం మార్చడమే త్వరగా తేలే పని అంటారు. ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించడానికి అరగంట చాలు. విడిభాగం విదేశం నుంచి రావాలంటే వారాలు.

ఈ అలవాటు హ్యాంగర్‌లో పుట్టింది కాదు. మెయింటెనెన్స్ ఇంజినీరు లైసెన్సు కోసం మన పిల్లలు ప్రశ్న బ్యాంకులు బట్టీ పడుతున్నారు. థర్మోకపుల్ సూత్రానికి నాలుగు జవాబుల్లో సరైనదానికి టిక్కు పెట్టగలిగిన కుర్రాడు, చేతికి వైరిస్తే ఏ కొస పాజిటివో చెప్పలేకపోతున్నాడు. వేలకువేలు ఫీజు తీసుకుంటున్న శిక్షణ సంస్థలు ప్రతి విద్యార్థికీ ఒక మల్టీమీటరు, ఒక చెడిన వైరింగ్ కట్ట, గిన్నెడు మరిగే నీళ్లు ఇచ్చి, లోపం పట్టాకే బయటికి పంపాలి.